వాసన రాని చెత్త

మా పీడీ మేడం పోయారు.

కాలేజీలో నాతో కబడ్డీ ఆడిన నూకరత్నం ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను మాకవరపాలెం దగ్గర మా స్కూలు గ్రౌండులో పిల్లల్ని ప్రార్థనకి వరసలో నిలబెడుతున్నాను. "ఏటే, ఇన్నావా? తెల్లారగట్ల మేడం పోయేరే," అంది. ఆ తర్వాత అదేదో చెబుతూనే ఉంది, నాకు ఎక్కలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో అప్పటికి తెలీదు. మధ్యాహ్నానికి తెలిసింది.

అన్నాలప్పుడు మా పాత ప్లేయర్ల వాట్సాప్ గ్రూపులోకి కాలేజీ వాళ్ళ పోస్టర్ వచ్చింది. పైన సగం మేర కాలేజీ యజమాని కరస్పాండెంట్ గారు, చేతులు జోడించి నవ్వుతూ ఉన్నారు. చావు పోస్టర్ మీద నవ్వు! ఏ పుట్టినరోజుకో తీయించుకున్న ఫొటో అయి ఉంటుంది. కింద మూలన తపాలా బిళ్ళంత మా మేడం. "మా యాజమాన్య ప్రోత్సాహంతో దేశవిదేశాల్లో సేవా కార్యక్రమాలు నిర్వహించిన క్రీడాజ్యోతికి అశ్రునివాళి" అని రాశారు. యాజమాన్య ప్రోత్సాహం అన్న మాట దగ్గర నా చేతిలో ముద్ద కంచంలో పడిపోయింది.

సాయంత్రం కాలేజీ ఆఫీసు నుంచి ఫోన్. పదకొండో రోజున సంస్మరణ సభ. అదే రోజున మేడం పేరు మీద సేవాదినం. ఇప్పటి క్రీడాకారిణులు గ్రౌండులో శ్రమదానం చేస్తారు. పరాయి దేశం వెళ్ళొచ్చిన పాత విద్యార్థిగా నేను ఐదు నిమిషాలు మాట్లాడాలి. "మేనేజ్‌మెంట్ మిమ్మల్ని ఎలా పంపించిందో, అది కొంచెం హైలైట్ సెయ్యండమ్మా," అన్నాడు గుమస్తా. పాపం, చెప్పమన్నది చెప్పాడు. వస్తానన్నాను.

ఆ ఐదు నిమిషాలూ నన్ను మాట్లాడనివ్వలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ చేసిన పని ఆవిడదేనని ఎవరో ఒకరు చెప్పకపోతే ఇంకో ఏడాదికి అది పూర్తిగా కరస్పాండెంట్ గారి ఖాతాలో పడిపోతుంది. మేడం పేరు మాత్రం రాయను. రాస్తే ఈ కాగితం కూడా కత్తిరించి నోటీసు బోర్డుకి అతికించుకుంటారు. తెలిసినవాళ్ళకి పీడీ మేడం అంటే చాలు.

పీడీ అంటే ఫిజికల్ డైరెక్టర్, కాలేజీలో ఆటలు నేర్పే మనిషి. ఆవిడ రాకముందు మా అనకాపల్లి ఆడపిల్లల కాలేజీలో ఆటలంటే క్యారంబోర్డూ, ఆగస్టు పదిహేనుకి తాడు లాగుడూ. ఆవిడ వచ్చీ రాగానే పల్లెల నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే పిల్లల్ని ఏరుకున్నారు. నన్ను మొదటిసారి చూసినప్పుడు నా పేరు అడగలేదు. "సెరుకు కట్టలు మోసేవా ఎప్పుడైనా?" అని అడిగారు. ఏటా మోస్తానన్నాను. "అయితే రేపట్నుంచి కబడ్డీకి రా," అన్నారు. నా క్రీడాజీవితం మొదలైంది అలాగే.

స్టాఫ్ మీటింగుకి గంజి పెట్టిన నేతచీర కట్టేవారు. గ్రౌండులోకి వస్తే మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ట్రాక్ ప్యాంటు. దాని జేబులో ఎప్పుడూ నాలుగు బెల్లం ముక్కలుండేవి. బాగా ఆడినవాళ్ళకి కాదు, ఆ రోజు బాగా తిట్లు తిన్నవాళ్ళకి పెట్టేవారు. ఆ మూడేళ్ళలో నేను తిన్నంత బెల్లం మా టీములో ఇంకెవరూ తిని ఉండరు. మమ్మల్ని "గుంటల్లారా" అని పిలిచేవారు. మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటారు. ఆ పిలుపు విన్నామంటే ఏ పనైనా సగం అయిపోయినట్టే ఉండేది.

తుపాను వచ్చిన ఏడు సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇళ్ళు కూలిపోయాయి. యూనివర్సిటీ పోటీలు దగ్గరపడ్డాయి. మేడం ప్రాక్టీసు ఆపేసి గునపాలూ గంపలూ లారీలో వేయించి, టీము మొత్తాన్ని ఎక్కించుకుని బయల్దేరారు. లారీ ఆగడమే ఆలస్యం, మేం కిందికి దూకి మొదటి ఇంట్లోకి చొరబడి దొరికిన సామాను దొరికినట్టు బయట పడేయడం మొదలుపెట్టాం. సేవ చేసేస్తున్నామని ఎంత హుషారో! వెనకనుంచి కేక వినిపించింది.

"ఎవుల్నడిగి ఎత్తేరే అయ్యి? మీ బాబు సామానేటి?"

ఎత్తినవన్నీ ఎక్కడివక్కడ పెట్టించారు. తర్వాత గుమ్మం దగ్గర పిల్లాణ్ణి చంకనేసుకుని నిలబడ్డ ఆవిడ దగ్గరకి వెళ్ళి, "అమ్మా, ముందు ఏటి సెయ్యమంటావు?" అని అడిగారు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ముందు పొయ్యెక్కడుందో ఎతకండమ్మా. గుంటడు ఆకలంటన్నాడు," అంది. మేం గోడలెత్తుదామని వెళితే ఆవిడకి కావలసింది పొయ్యి. మట్టి పెళ్ళల కింద దాన్ని వెతికి తీసేసరికి పూట గడిచింది. ఆ రోజు నుంచి మా టీముకి అదే నియమం. ఎక్కడికి వెళ్ళినా ముందు ఆ ప్రశ్న అడగాలి, జవాబు వచ్చేదాకా చెయ్యి వెయ్యకూడదు. గ్రౌండులో ఆ చివర నుంచి ఈ చివరకి మోగే ఆవిడ విజిల్ కూడా అక్కడ ఒక్కసారీ మోగలేదు. అడిగితే, "ఇది ఆళ్ళ ఇల్లే. ఆళ్ళింట్లో నా విజిలేటి?" అన్నారు.

అక్కడే ఒక ఘనకార్యం కూడా చేశాం. వరసగా నిలబడి తడిసిన బియ్యం బస్తాలు చేతులు మార్చుకుంటున్నాం. ఇంతలో ఒక తాత మా మధ్యనుంచి తన ఇంటివైపు పరిగెత్తాడు. నూకరత్నం మా లెఫ్ట్ కార్నరు, కోర్టులో ఎడమ చివర నిలబడి కూతకొచ్చినవాళ్ళ కాలు పట్టే మనిషి. దాని ముందునుంచి ఎవరైనా పరిగెడితే దాని చెయ్యి దాని మాట వినదు. బస్తా వదిలేసి తాత చీలమండ పట్టేసింది. అది పట్టిందంటే మేం ఆగుతామా? నేను నడుం పట్టాను, ఇంకొకతె రెండో కాలు పట్టింది. తాత బురదలో బోర్లా పడ్డాడు. ఊరు ఊరంతా గమ్మునైపోయింది. అప్పుడు తాత మొహం పైకెత్తి, నోట్లో బురద ఉమ్మి, "ఓలమ్మో, తుపానొగ్గేసినా మీరొగ్గీలా లేరే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇల్లు పోయినవాళ్ళూ నవ్వారు. మేడం నవ్వుతూనే ఆయన కాళ్ళ బురద కడిగి, నూకరత్నం చేత దండం పెట్టించారు.

కెమెరా మెళ్ళో వేసుకుని ఒక విలేఖరి వచ్చాడు. గునపాలు పట్టుకుని ఇటు చూడమన్నాడు. మేడం అతని చేతిలో గంప పెట్టి, "ఫొటోలు రేపు తీద్దుగాని బాబూ, ముందు ఇది అందుకో," అన్నారు. మంచివాడే, సాయంత్రం దాకా మాతో మట్టి మోశాడు.

సోమవారం కరస్పాండెంట్ గారు మమ్మల్నందరినీ గదిలోకి పిలిచి మా ఎదుటే మేడంని కడిగేశారు. "కప్పులు తెస్తారని స్పోర్ట్స్ కోటాలో సీట్లిస్తే బురద మోయిస్తారా? కాలేజీ పరువేం కావాలి?" అన్నారు. మేడం గొంతు పెంచలేదు. "బురద మోసిన సేతులే సార్ అవి. కప్పు మొయ్యలేవేటి?" అన్నారు. ఆ ఏడు మేం సెమీఫైనల్లో ఓడిపోయాం. మా అరచేతుల నిండా పుళ్ళు. నెల రోజులపాటు ఆయన మేడంతో మాట్లాడలేదు. ప్రోత్సాహమంటే ఇదీ!

మరుసటి ఏడాది ఆయనకే సేవ మీద మనసు పుట్టింది. రక్తదాన శిబిరం పెట్టారు. "మా క్రీడాకారిణుల రక్తదానం" అని రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టించారు. మేం ట్రాక్ సూట్లు వేసుకుని వరసలో కూర్చున్నాం. నర్సమ్మ ఒక్కొక్కరి వేలు గుచ్చి చూసి, "నీకు చాలదమ్మా, లే," అంటూ పంపించేస్తోంది. జిల్లా ఛాంపియన్లం. ఎదుటి మనిషిని ఎత్తి కుదేసేవాళ్ళం. మా టీములో ఇవ్వగలిగినంత రక్తం ఉన్నవాళ్ళు ఇద్దరే తేలారు. కరస్పాండెంట్ గారు తల పట్టుకుని, "ఫ్లెక్సీలు కట్టేశాం కదా, ఊరికే పడుకోబెట్టి ఫొటోలు తీయండి," అన్నారు. మేడం మమ్మల్ని లేపి గ్రౌండులోకి తీసుకుపోయారు. అక్కడ గడ్డిలో కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆవిడకి కోపం వస్తే అలాగే ఉండేవారు. నాకా అలవాటు రాలేదు.

ఆ ఆదివారం నుంచి ఆవిడ మా ఇళ్ళకి తిరిగారు. సేవంటే ఊళ్ళవాళ్ళకేనా, ముందు మీకు చెయ్యాలి, అన్నారు. మా ఇంటికి వచ్చినప్పుడు మా అమ్మ మర్యాదకి కోడిగుడ్డు కూర వండింది. మేడం కంచం ముందు కూర్చుని, "మీ పిల్లకి వారానికెన్ని గుడ్లెడతన్నావమ్మా?" అని అడిగారు. అమ్మ నవ్వేసి, "దానికెందుకండీ, ఆడపిల్లకి. ఆళ్ళన్నకెడతాను, బరువు పన్లు సేత్తాడు కదా," అంది. మేడం తన కంచంలో గుడ్డు తీసి నా కంచంలో వేశారు. "బరువు మోసేది ఇదీ మోత్తంది. మీ పొలంలో సెరుకు కట్ట దీన్ని సూసి బరువు తగ్గుతాదేటి?" అన్నారు. అమ్మ మొహం మాడిపోయింది గానీ ఆ మర్నాటి నుంచి నా కంచంలో గుడ్డు పడింది. తర్వాతి ఏడు ఏ ఫ్లెక్సీ లేకుండా మా టీము వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చింది. దానికి ఫొటో లేదు. అందువల్ల కాలేజీ వాళ్ళ లెక్కలో అసలది జరగలేదు.

ఇక ఆ పరాయి దేశం సంగతి. నేపాల్ కొండల్లో ఒక ఊరు. నాలుగైదు దేశాల కాలేజీ ఆటగాళ్ళు వచ్చి రెండు వారాలపాటు కలిసి సేవ చేసే కార్యక్రమం. పోటీల్లో మమ్మల్ని చూసినవాళ్ళెవరో మేడంకి కబురు చేశారు. పాస్‌పోర్టు అక్కర్లేని దేశమే అయినా మా నాన్న బెదిరిపోయాడు. "గెడ్డ దాటి ఎల్లనిదాన్ని దేశం దాటిత్తారేటండీ మేడంగారూ?" అన్నాడు. గెడ్డంటే మా ఊరి పక్క వాగు. "మీ పిల్ల పట్టు మీకు తెల్దు. బయపడితే ఆ దేశం వోళ్ళు బయపడాల," అన్నారావిడ. నాన్న నవ్వేశాడు. నవ్వితే ఒప్పుకున్నట్టే.

ఒప్పుకోనిది కరస్పాండెంట్ గారు. మేం అనుమతికి వెళితే కుర్చీలోంచి లేవకుండా, "కాలేజీ పేరు ఎక్కడా వాడకండి. దారిలో ఏదైనా అయితే మాకు సంబంధం లేదు," అన్నారు. ఈ మాట నేను నా చెవులతో విన్నాను. మేడం జీతం నష్టం మీద సెలవు పెట్టుకుని మమ్మల్ని తీసుకెళ్ళారు. రైలు, మళ్ళీ రైలు, తర్వాత కొండల మీద బస్సు. నూకరత్నం ఆ బస్సులో దారి పొడవునా కక్కుతూ, "నాను మళ్ళీ మా ఊరు సూత్తానా మేడం?" అని ఏడ్చింది.

అక్కడ మాకు తెల్ల టీషర్టులూ రంగు డబ్బాలూ ఇచ్చారు. బడి గోడ మీద రంగు వేసి, దాని మీద మా చేతి ముద్రలు వెయ్యాలట. మిగతా దేశాలవాళ్ళు మొదలుపెట్టేశారు. మేడం గోడ దగ్గరకి వెళ్ళి గోటితో గీకారు. నీలం కింద పసుపు, పసుపు కింద గులాబీ, దాని కింద ఇంకేదో. అన్నింటిలోనూ చేతి ముద్రలే. బడి చూసుకునే పెద్దమ్మకి కాస్త హిందీ వచ్చు. మాకూ కాస్తే వచ్చు. ఆవిడ చెప్పినదాని సారం, సీజనుకొక బృందం వస్తుంది, వచ్చినవాళ్ళంతా గోడకి రంగేసి వెళతారు అని. మేడం మా వైపు తిరిగి, "గుంటల్లారా, బ్రష్‌లు కింద పెట్టండి," అన్నారు. తర్వాత ఆ పెద్దమ్మని మా ప్రశ్న అడిగారు. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. బహుశా అంతకుముందు ఎవరూ అడిగి ఉండరు. చెయ్యెత్తి కొండ పైకి చూపించింది. వానలకి మట్టి జారి నీళ్ళ గొట్టం పూడుకుపోయింది. పిల్లలు కిందనుంచి డబ్బాలతో మోసుకొస్తున్నారు.

మేం పారలు తీసుకుని కొండెక్కాం. నిర్వాహకుడు వెనకాలే వచ్చి, ఇది ప్రోగ్రాంలో లేదని గోల పెట్టాడు. మేడం తనకొచ్చిన ఇంగ్లీషులో, "పెయింట్ ఆల్సో నాట్ దేర్ ప్రోగ్రాం, సార్," అన్నారు, రంగు కూడా బడివాళ్ళ ప్రోగ్రాంలో లేదుగా అని. ఆ రెండు వారాలూ మట్టి తవ్వాం. మధ్యలో బాస్కెట్‌బాల్ ఆడే తెల్లపిల్లలు ముగ్గురు రంగు డబ్బాలు వదిలేసి మా దగ్గరకి వచ్చేశారు. మాట తెలీకపోయినా మట్టి తవ్వడానికి భాషేముంది! చివరికి గొట్టం బయటపడింది. నీళ్ళొచ్చాయి. పిల్లలు తడుస్తూ గంతులేశారు. ఫొటోలాయన మాత్రం ఆ సమయానికి కింద గోడ దగ్గర ఉన్నాడు. ఆ రెండు వారాల ఫొటోల్లో ఎక్కడా మేం లేం.

నాకు ఉక్రోషం వచ్చింది. "ఇంత దూరం వచ్చి ఒక్క ఫొటోలో లేకపోతే ఇంటికెళ్ళి ఏటి సూపించాలి మేడం?" అన్నాను. ఆవిడ బూట్లలో మట్టి దులుపుకుంటూ, "ఫొటోలో నువ్వు లేపోతే ఆ నీళ్ళు ఎనక్కి పోతాయేటే?" అన్నారు.

అప్పుడది చాలా గొప్ప మాటని అనుకున్నాను. చాలామందికి చెప్పాను కూడా. ఇప్పుడు ఆ మాట మీద నాకు కోపం. అవును మేడం, నీళ్ళు వెనక్కి పోవు. కానీ మీరు ప్రతి ఫొటోలోంచీ తప్పుకున్నారు. ఖాళీగా ఉన్న చోట ఇంకొకాయన వచ్చి నిలబడ్డాడు. మేం తిరిగొచ్చేసరికి అనకాపల్లి స్టేషన్లో డప్పులు, దండలు. కరస్పాండెంట్ గారు మా మధ్యలో దూరి రెండు వేళ్ళు చూపించారు. మర్నాడు పేపర్లో "మన విద్యార్థినులను విదేశానికి పంపిన విద్యాదాత" అని వేశారు. ఆ ఫొటోలో మీరు లేరు. మీరు రైలు పెట్టె తలుపు దగ్గర ఎవరి సంచీ అయినా ఉండిపోయిందేమోనని చూస్తున్నారు.

రిటైరయ్యాక మేడం గవరపాలెంలో చిన్న అద్దె ఇంట్లో ఒక్కరే ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఆమధ్య ఏదో పని మీద అటు వెళ్ళి తలుపు కొడితే, తీసిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. "ఏటి మేడం, ఇలగైపోయేరు?" అన్నాను. "ఏటీ లేదే, బరువు తగ్గేను. నువ్వూ తగ్గాల," అన్నారు. మందుల సీసాలు కిటికీలో ఉన్నాయి. జబ్బు పొట్టలో అప్పటికే ముదిరిపోయిందని ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు చెబితే తెలిసింది. నేను మంచం పక్కన కూర్చుని, ఆవిడ నేర్పిన ప్రశ్నే ఆవిడని అడిగాను. "ఏటి సెయ్యమంటారు?" "ఏటీ అక్కర్లేదు. నీకు స్కూలుంది, పిల్లలున్నారు, బస్సు దొరకదు, ఎల్లు," అన్నారు. ఎన్నో ఊళ్ళలో ఎవరెవరి చేతనో ఆ ప్రశ్నకి జవాబు చెప్పించిన మనిషి, తన వంతు వచ్చేసరికి జవాబు చెప్పలేదు. తనకి అన్నం కలిపి పెట్టమని మాలో ఒక్కరినీ పిలవలేదు. దీనికి మాత్రం నేను ఆవిడని ఇప్పట్లో క్షమించను. మేం పది మందిమి ఉన్నాం మేడం. వంతులు వేసుకుని వచ్చేవాళ్ళం.

పదకొండో రోజు నేనూ నూకరత్నం సభకి ముందే వెళ్ళాం. నూకరత్నం ఇప్పుడు అనకాపల్లిలో టిఫిను కొట్టు నడుపుతోంది. ఆ రోజు కొట్టు కట్టేసింది. మేం గేటు దాటేసరికి గ్రౌండులోకి ఒక ట్రాక్టర్ వెనక్కి వస్తోంది. చూస్తుండగానే తొట్టి ఎత్తి, మా కబడ్డీ కోర్టు మీద చెత్త గుమ్మరించింది. ఎండుటాకులు, పేపరు ప్లేట్లు, టీ కప్పులు, అట్టముక్కలు. డ్రైవరు కిందికి దిగి దాన్ని చక్కగా, అంతటా సమానంగా పరుస్తున్నాడు.

"ఏటి బాబూ, ఇక్కడ పోత్తన్నావేటి?" అంది నూకరత్నం.

"పొయ్యమన్నారమ్మా. సభయ్యాక ఈ పిల్లలే ఎత్తుతారంట," అన్నాడతను. తర్వాత తన పనితనం మాకు తెలియాలన్నట్టు, "వాసన రాని సెత్త సూసి తెమ్మన్నారు. పెద్దోళ్ళొత్తారు కదా. సంత ఎనక వీధిలో పెద్ద పోగుంది. పైపైన ఎండుదంతా ఏరుకొచ్చేను," అన్నాడు.

"మరి కిందది?"

"అది కుళ్ళిపోనాదమ్మా. అదెలా తెత్తాను, వాసనొత్తాది."

ఒక పక్క ఇప్పటి టీము పిల్లలు తెల్ల టీషర్టుల్లో నిలబడి ఉన్నారు. వాళ్ళ చేతులకి గ్లౌజులు, రిబ్బన్లు కట్టిన కొత్త చీపుర్లు. కెప్టెన్ పిల్ల మా దగ్గరకి వచ్చి మెల్లగా, "పొద్దున్నే మా కోర్టు మేమే ఊడ్సుకున్నామక్కా, మేడం సభ కదాని," అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు.

సభ మొదలైంది. వేదిక మీద తెర కట్టి ఫొటోలు వేశారు. నేపాల్ బడి గోడ, చేతి ముద్రలు, మేం ఎవరమూ లేని ఫొటోలు. "మన కళాశాల పంపిన బృందం అక్కడ ఒక పాఠశాలకే రంగుల జీవితాన్నిచ్చింది," అన్నాడు వ్యాఖ్యాత. నన్ను పిలిచారు. నేను మైకు అందుకుని, ఆ గోడ మీద మా చెయ్యి పడలేదని చెప్పాను. మేం ఏం చేశామో చెప్పాను. "ఆ రోజు 'మాకు సంబంధం లేదు' అన్న పెద్దమనిషి ఈ వేదిక మీదే కూర్చుని ఉన్నారు," అన్నాను. మైకు ఆగిపోయింది. సమయాభావం వల్ల, అని వ్యాఖ్యాత ఏదో మొదలుపెట్టాడు.

నేను రోజూ స్కూలు గ్రౌండులో పిల్లల్ని కేకేసే మనిషిని. నా గొంతుకి మైకుతో పనిలేదు. "ఈ చెత్త ఇందాక ట్రాక్టర్లో తెచ్చి పోశారు. మేడం లేరు కాబట్టి పోశారు. ఉంటే ఆ ట్రాక్టర్ గేటు దాటేది కాదు. ఆవిడ బతికుండగా ఆవిడ పని అడ్డుకున్నారు. పోయాక ఆవిడ పేరు మీద, ఆవిడ కోర్టు మీద చెత్త పోశారు," అన్నాను. ఇంకా చాలా అందామనుకున్నాను. ఎదురుగా కోర్టు మీద చెత్త అలాగే ఉంది. కిందికి దిగిపోయాను.

దిగేసరికి నూకరత్నం చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కోర్టులో ఉంది. చేతులతోనే ఎత్తి తొట్టిలో వేస్తోంది. వెనకే సభకి వచ్చిన మా పాత టీము, ఎవరూ పిలవకుండానే. తర్వాత కెప్టెన్ పిల్ల గ్లౌజులు తీసి కుర్చీ మీద పెట్టి వచ్చింది. దాంతో మిగతావాళ్ళూ వచ్చారు. రిబ్బను చీపుర్లు ఎవరూ ముట్టుకోలేదు. శ్రమదానం మొదలైపోయిందనుకుని కెమెరాలవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కరస్పాండెంట్ గారు కూడా కండువా సర్దుకుని, ఒక చీపురు తీసుకుని వేదిక దిగారు. ఆయన వచ్చేసరికి కోర్టులో ఊడవడానికి ఏమీ మిగల్లేదు.

"ఎక్కడికి తోలమంటారు?" అన్నాడు డ్రైవరు.

"తెచ్చిన కాడికే తోలు," అంది నూకరత్నం.

ఎక్కగలిగినవాళ్ళం ట్రాక్టరెక్కాం, మిగతావాళ్ళు ఆటోల్లో వచ్చారు. సంత వెనక వీధి చివర, అంగన్‌వాడీ గోడనానుకుని ఉంది ఆ పోగు. పైన ఎండుదంతా ఏరేశాక కుళ్ళంతా బయటపడింది. ముక్కులు మూసుకుపోయే వాసన. మూలింటి తలుపు కొట్టాం. ఒకావిడ బయటికి వచ్చి మా గుంపుని చూసి, "ఎలచ్చన్లేటి?" అంది. కాదన్నాను. "మరి ఫొటోలకొచ్చేరా?" అంది. దానికీ కాదన్నాను. "ఇది తీసేద్దామని వచ్చేమమ్మా. ముందు ఏటి సెయ్యమంటారు?" అన్నాను. ఆవిడ మమ్మల్ని మరోసారి ఎగాదిగా చూసింది. "ముందు కాలవ తియ్యండి. వానొత్తే ఆ నీళ్ళు మా గుమ్మంలోకొచ్చేత్తన్నాయి. పోగు తరవాత తీద్దురు," అంది.

పక్కిళ్ళవాళ్ళు పారలిచ్చారు. ట్రాక్టరతను ఎవరూ అడక్కుండానే ఊరి బయట చెత్త యార్డుకి తొట్టి మీద తొట్టి తోలాడు. ఎండ నడినెత్తికొచ్చింది. మా తెల్ల టీషర్టుల పిల్లలు తెల్లగా లేరు.

అప్పుడు ఆ మూలింటావిడ ఒక పెద్ద పళ్ళెంలో స్టీలు గ్లాసులతో మజ్జిగ తెచ్చింది. అందరికీ ఇస్తూ, "ఎవరమ్మా మీరు? మిమ్మల్ని ఎవులు పంపినారు?" అని అడిగింది.

మేడం ఉంటే, పేరెందుకే, పని సూడు అనేవారు. నేను చెప్పాను. ఇంటిపేరుతో సహా, వీధంతా వినపడేలా చెప్పాను. "ఆవిడ పంపేరు," అన్నాను. నూకరత్నం కూడా ఆ పేరు ఇంకోసారి చెప్పింది. ఆ మూలింటావిడ పేరుని నోట్లో ఒకసారి అనుకుంది.

"ఆవిడేరీ మరి? రాలేదేటి?" అంది, మా మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూస్తూ.

కెప్టెన్ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. మూలింటావిడ ఇంట్లోకి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చింది. అందులో మజ్జిగ పోసి, ఈగలు వాలకుండా పైన పళ్ళెం మూతపెట్టి, అరుగు మీద నీడలో ఉంచింది. "ఎండన పడి వత్తారు గదా. ఆవిడకుంచేను, వచ్చేక తాగమనండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

నూకరత్నం పార తీసుకుని మళ్ళీ కాలవలోకి దిగింది. మేమూ దిగాం. పని అయ్యేదాకా ఎవ్వరం ఆ అరుగు వైపు చూడలేదు.